గదిలో సగమే మీది

శుక్రవారం రాత్రి పదకొండు. ఫోన్ టింగుమంటుంది. "మామా, రేపు మీ ఊరొస్తున్నా. రెండ్రోజులు అడ్జస్ట్ చేస్కో." మెసేజ్ పూర్తిగా చదవకముందే మీ వేళ్లు "రారా, అడగాలా" అని కొట్టేస్తాయి. అందులో ఆలోచించడానికి మీకేమీ కనిపించదు. బీటెక్‌లో నాలుగేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఊరుకాని ఊళ్లో వాణ్ని హోటల్ చూసుకోమంటామా?

అదే గదిలో అవతలి మంచం మీద మీ రూమ్మేట్ పడుకుని ఉన్నాడు. అతనికి సోమవారం మిడ్‌టర్మ్. మీ స్నేహితుడు వస్తున్న సంగతి అతనికి శనివారం రాత్రి తెలుస్తుంది, గాలిపరుపు పంపు మిక్సీలా రొద పెట్టినప్పుడు. అతను ఏమీ అనడు. నవ్వి "హాయ్" కూడా చెప్తాడు. మంగళవారం హౌసింగ్ ఆఫీసు నుంచి మీకు ఈమెయిల్ వస్తుంది.

ఆ శనివారానికీ ఆ మంగళవారానికీ మధ్య ఏం జరిగిందో చెప్పడానికే ఈ అధ్యాయం. అమెరికా యూనివర్సిటీ హౌసింగ్‌లో ఉంటున్న, లేదా వచ్చే ఆగస్టులో అక్కడ పెట్టెలు దించబోతున్న మన పిల్లల కోసం రాస్తున్నాను.

ముందు రూల్ ఎక్కడుందో చూద్దాం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వీసా, లోను, షాపింగ్ హడావిడిలో ఉండగా మీ ఫోన్‌కి హౌసింగ్ కాంట్రాక్ట్ వచ్చింది. బొటనవేలితో కిందిదాకా జరిపి "ఐ అగ్రీ" నొక్కారు. అందులోనే ఉంది. యూనివర్సిటీని బట్టి అంకెలు మారతాయి గానీ వరస దాదాపు ఒకటే. రాత్రి ఉండే అతిథి వస్తున్నాడంటే రూమ్మేట్లందరూ ముందే ఒప్పుకోవాలి. వరసగా రెండు మూడు రాత్రులకు మించకూడదు. కొన్నిచోట్ల ఆన్‌లైన్‌లోనో కింద డెస్క్ దగ్గరో పేరు రాయించాలి. బిల్డింగ్‌లో అతను ఎక్కడ తిరిగినా మీరు వెంట ఉండాలి. మీ తాళం, మీ స్వైప్ కార్డు అతని చేతికి ఇవ్వకూడదు. అతను ఏం చేసినా మీరు చేసినట్టే. పరీక్షల వారంలో అసలు అతిథులే వద్దనే క్యాంపస్‌లూ ఉన్నాయి.

మనవాళ్లు పొరబడేది లెక్క దగ్గర. మూడు రాత్రులంటే ఒక్కో అతిథికి మూడా, మీకు మొత్తం మీద మూడా? వారానికా, నెలకా, సెమిస్టర్‌కా? శనివారం ఒకడు వెళ్లి ఆదివారం ఇంకొకడు దిగితే మీ లెక్కలో ఇద్దరూ రూల్ ప్రకారమే ఉన్నారు. మీ రూమ్మేట్‌కి మాత్రం బాత్‌రూమ్ ముందు పరాయి చెప్పులు నెల రోజులుగా కనిపిస్తూనే ఉన్నాయి. క్యాంపస్ బయట ప్రైవేటు అపార్ట్‌మెంట్ అయితే లీజ్ చూసుకోవాలి. అక్కడ తరచూ కనిపించే అంకె 14 రోజులు. అది దాటితే ఆ మనిషి పేరు లీజ్‌లో చేర్చమంటారు, లేదా పంపించెయ్యమంటారు.

ఈ రూళ్ల వెనక ఒక పాత కథ ఉంది. కాస్త పక్కకు వెళ్తున్నాను, ఓపిక పట్టండి. కెంటకీ రాష్ట్రంలో బెరియా కాలేజీ తన విద్యార్థులు బయటి హోటళ్లలో తినకూడదని నియమం పెట్టింది. ఎదురుగా హోటల్ నడుపుకునే గాట్ అనే ఆయన గిరాకీ పోయిందని కోర్టుకెక్కాడు. 1913లో కోర్టు కాలేజీ వైపే నిలిచింది. విద్యార్థుల విషయంలో కాలేజీ తల్లిదండ్రుల స్థానంలో ఉంటుందని తేల్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు అమెరికా కాలేజీలు నిజంగానే పెదనాన్నల్లా ప్రవర్తించాయి. ఆడపిల్లల హాస్టల్‌కి మగపిల్లలు ఏ గంటకు రావచ్చు, వస్తే తలుపు ఎంత తెరిచి ఉంచాలి అన్నదాకా రూళ్లుండేవి. 1960లో అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో కొందరు నల్లజాతి విద్యార్థులు కోర్టు భవనంలోని భోజనశాలలో తమకూ వడ్డించమని కూర్చున్నారు. వాళ్ల కాలేజీ అందులో కొందరిని విచారణ లేకుండా గెంటేసింది. అలా కుదరదని 1961లో, ఆ గొడవ మీద వచ్చిన డిక్సన్ కేసులో కోర్టు తీర్పు చెప్పింది. పెదనాన్న పెత్తనం సడలడం ఎక్కువగా అక్కణ్నుంచే. రెండు కేసులూ భోజనం దగ్గరే మొదలయ్యాయి, అదొక తమాషా.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, కొన్ని కాలేజీలను, ముఖ్యంగా మతసంస్థలవి, పక్కన పెడితే, ఇప్పటి గెస్ట్ రూల్ మీ శీలం గురించి ఆరా తీయదు. వచ్చింది ఆడా మగా, చుట్టమా స్నేహితుడా అని దానికి పట్టింపు లేదు. ఫైర్ అలారం మోగితే లోపల ఎంతమంది ఉన్నారో తెలియాలి, అద్దె కడుతున్న రెండో మనిషి నిద్రపోగలగాలి. దాని గొడవ ఈ రెంటి గురించే.

మనం పెరిగిన హాస్టళ్ల లెక్క వేరు. మన దగ్గర బయటివాళ్లు రాత్రి ఉండకూడదన్నది వార్డెన్ రూల్. ర్యాగింగ్ మీద 2009లో యూజీసీ నిబంధనలు వచ్చాక ఫ్రెషర్ల గదుల వైపు సీనియర్ల రాకపోకల మీద కూడా కాపలా పెట్టమన్నారు. అయినా మంచానికి ఇద్దరు పడుకునే రోజులు పోలేదు. ఉస్మానియా హాస్టళ్లలో అలా ఉండేవాళ్లకు నాన్-బోర్డర్లు అని పేరే స్థిరపడింది. నేనూ ఒక యూనివర్సిటీ హాస్టల్లో ఒక ఎండాకాలమంతా అలాగే గడిపాను. తనిఖీ అంటే చాలు, ఒకడు మెట్ల దగ్గర దగ్గేవాడు, ఇంకొకడు నా చాప మంచం కిందికి తోసేవాడు, నేను మేడ మీదికి పరుగెత్తేవాణ్ని. గదిలో ముగ్గురూ నా పక్షం. వార్డెన్ ఒక్కడే అవతలి పక్షం.

అందుకే మనకు అతిథిని దాచడం చేతనవును, అతిథి గురించి అడగడం చేతకాదు. అమెరికాలో మీ గదికి రాత్రి వచ్చి మంచాలు లెక్కపెట్టే వార్డెన్ ఉండడు. ఫిర్యాదు వెళ్లేది పక్క మంచం మీంచే. మనం నేర్చుకున్న విద్యంతా ఎవరి మీద ప్రయోగించాలో ఆ మనిషే అక్కడ లేడు.

నా ఎండాకాలం సంగతి ఇంకొంచెం ఉంది. ఆ ముగ్గురిలో ఒకాయన గ్రూప్స్‌కి చదువుతుండేవాడు. నేను పడుకోగానే లైటు ఆర్పేసి, కుర్చీ తీసుకుని కారిడార్‌లోకి పోయి దోమల మధ్య చదువుకునేవాడు. ఎంత మంచివాడో అనుకునేవాణ్ని. నేనక్కడ ఉన్నందుకు అద్దె కడుతున్నది ఆయనేనని నాకు తట్టడానికి పదేళ్లు పట్టింది. అది కూడా నా గదిలోకి ఇంకెవరో చేరి, నేను కారిడార్‌లో కూర్చోవాల్సి వచ్చినప్పుడు. "సర్దుకుందాంలే" అన్నది నేను. సర్దుకున్నది ఆయన.

ఆ మాట అనే హక్కు మీకు మీ సగం వరకే ఉంది. మీ మంచం, మీ దుప్పటి, మీ భోజనం, మీ సెలవు రోజు, వీటిలో ఏది కావాలంటే అది మీ స్నేహితుడికి ఇచ్చెయ్యండి. గదిలో చీకటి, నిశ్శబ్దం, పొద్దున్నే ఖాళీగా దొరికే బాత్‌రూమ్, వీటిలో సగం అవతలి మనిషివి. అడిగి తీసుకోవాల్సిందే.

ఎలా అడగాలి? అతిథి ఊబర్ కిందికొచ్చి ఆగాక "నీకు ఓకేనా?" అనడం అడగడం కాదు. రెండు మూడు రోజుల ముందు, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, వచ్చేది ఎవరో, ఏ ఏ రాత్రులో, ఎక్కడ పడుకుంటాడో, ఏ పూట వెళ్తాడో ఒక్క మాటలో చెప్పండి. "నా ఫ్రెండ్ శుక్ర, శని రాత్రులు ఉంటాడు, నా మంచం వైపు నేల మీద పడుకుంటాడు, ఆదివారం నాలుగింటి బస్సుకి వెళ్లిపోతాడు. నీకు చదువుంటే చెప్పు, వేరే ఏర్పాటు చేసుకుంటాను." ఆ చివరి వాక్యం కీలకం. కాదనడానికి దారి ఉంచకుండా అడిగితే వచ్చే "సరే"కి విలువ లేదు.

వచ్చిన జవాబును చదవడం ఇంకో విద్య. అమెరికన్ కుర్రాడు "యా, ఆఫ్ కోర్స్!" అని వెంటనే అంటే దాదాపుగా సరేననే. "ఐ గెస్ దట్స్ ఫైన్" అని సాగదీస్తే అతనికి ఇష్టం లేదు, గొడవా ఇష్టం లేదు. మన తెలుగువాడితో అయితే ఇంకా జాగ్రత్త. "నీ ఇష్టం మామా" అన్నాడంటే "నా ఇష్టం కాదు" అన్నాడని రాసి పెట్టుకోండి. "ఎన్ని రోజులుంటాడు?" అని అడిగాడంటే ఆ ప్రశ్నే జవాబు. "అలా కాదు, నిజం చెప్పు, పరీక్షేమైనా ఉందా?" అని ఇంకోసారి అడగండి. మొహమాటానికి పోతే కడుపయిందట అని మన పెద్దలు మొరటుగా అన్నా, మొహమాటం రోగానికి అంతకన్నా సూటి మాట ఇంకోటి లేదు. తెలుగు రూమ్మేట్లు ముఖం మీద కాదనలేక ఆర్నెల్లు లోపల కుతకుతలాడి, చివరికి పాల డబ్బా మీద పేరు రాసుకోవడం, గిన్నెలకు తాళం పెట్టుకోవడం దాకా వెళ్లడం చాలా చూశాను.

సెమిస్టర్ మొదట్లో మీ అంతస్తు చూసుకునే రెసిడెంట్ అసిస్టెంట్ ఒక కాగితం తెచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టి నింపిస్తాడు. రూమ్మేట్ అగ్రిమెంట్ అంటారు. నిద్ర వేళలు, శుభ్రం, ఏసీ, అతిథులు అని వరసలుంటాయి. మనవాళ్లు అన్నిటికీ "నో ప్రాబ్లమ్" అని రాసి సంతకం పెట్టేస్తారు. అతిథుల గడిలో మాత్రం దయచేసి అంకె రాయండి. నెలకి ఎన్ని రాత్రులు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏ వారాల్లో వద్దు. కొత్తలో, ఇంకా ఎవరి మీదా కోపం లేనప్పుడు, ఆ అంకె తేలిగ్గా తేలుతుంది.

ఇక అతిథి వైపు. వాడికి కూడా రమ్మన్నప్పుడే పొమ్మనాలి. వినడానికి కఠినంగా ఉంటుంది గానీ చెప్పే తీరులో ఉంది. "రారా, శుక్రవారం నైట్ బిర్యానీ పెడతా. మా దగ్గర రెండు రాత్రులే ఒప్పుకుంటారు, ఆదివారం రిటర్న్ టికెట్ తీసుకుని నాకు పంపు." ఇందులో అవమానం ఏముంది? తేదీ తెలిసిన అతిథికి చేసే మర్యాదలో లోపం ఉండదు. తేదీ తెలియని అతిథికి మూడో రోజు నుంచి పప్పు పల్చబడుతుంది.

ఆగస్టు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అప్పుడు వచ్చేవాడు వీకెండ్ చుట్టం కాదు. రెండు పెట్టెలు, చేతిలో ఆవకాయ జాడీ, ఇల్లు ఇంకా దొరకని జూనియర్. వాట్సాప్ గ్రూప్‌లో "టెంపరరీ అకామడేషన్ కావాలి అన్నా" అని పెడతాడు. మీరు వచ్చినప్పుడు కూడా ఎవరో అన్న తలుపు తీసే ఉంటాడు. ఆ రుణం తీర్చుకోవాల్సిందే, తలుపు మూసుకోమని నేను చెప్పను. కానీ "దొరికే దాకా ఉండు" అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వకండి. "దొరికే దాకా" అన్నది తేదీ కాదు. వాడు వెతకడం నాలుగో రోజున మానేస్తాడు, మీ వంటింట్లో కందిపప్పు ఎక్కడుందో తెలిశాక. మీకెన్ని రాత్రులు ఒప్పుకుంటారో అన్ని మీరు, తర్వాత ఇంకో సీనియర్, ఆ తర్వాత మరొకరు అని ముందే వరస వేసి వాడి చేతిలో పెట్టండి. ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్‌ని, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగమనండి. ముందుగా వచ్చేవాళ్లకు చాలాచోట్ల వాళ్ల దగ్గర ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది.

అడ్రస్ సంగతి చాలామంది పట్టించుకోరు. కొత్తవాడు బ్యాంకు కార్డుకీ ఫోన్‌కీ మీ గది నంబరే ఇస్తాడు. ఎఫ్-1 విద్యార్థి ఇల్లు మారితే 10 రోజుల్లోగా కొత్త అడ్రస్ యూనివర్సిటీకి తెలియజేయాలి, అక్కడి నుంచి అది సెవిస్ అనే ప్రభుత్వ రికార్డులోకి వెళ్తుంది. కాబట్టి మీ దగ్గర దిగినవాడు మీ అడ్రస్‌తోనే ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కవచ్చు, వెళ్లిపోయాక మార్చుకోకపోతే తిప్పలు వాడివి. మీ పోస్టు బాక్సులో వాడి పేరుతో ఉత్తరాలు రావడం మొదలైతే అతిథి కాస్తా కాపురస్థుడయ్యాడని ఇంటి యజమాని అనడానికి అదే ఆధారం. న్యూయార్క్ రాష్ట్రంలో అయితే, అద్దె ఇంట్లో చట్టబద్ధంగా చేరి వరసగా 30 రోజులున్న మనిషిని కోర్టు ఉత్తర్వు లేకుండా బయటికి పంపకూడదు. స్నేహితుడితో అంతదాకా రావాలని ఎవరూ కోరుకోరు, తెలిసి ఉండటం మంచిది.

డబ్బు తీసుకుంటే కథ పూర్తిగా మారిపోతుంది. "హాల్లో స్పాట్ ఉంది, నెలకింత" అని గ్రూపుల్లో కనిపించే ప్రకటనలు అతిథి మర్యాద కిందికి రావు. అనుమతి లేకుండా అద్దెకివ్వడం అది. పడకగదికి ఇద్దరన్నది సాధారణంగా సబబైన లెక్కేనని అమెరికా కేంద్ర గృహనిర్మాణ శాఖ 1998లో అంగీకరించింది. రెండు పడకగదుల ఇంట్లో ఏడుగురి చెప్పులుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. పట్టుబడితే లీజ్ మీద సంతకం పెట్టిన ప్రతివాడూ మునుగుతాడు, స్పాట్‌లో పడుకున్నవాడు పెట్టె సర్దుకుని పోతాడు. యూనివర్సిటీ గదిలో ఈ పని అసలే చేయకండి.

గర్ల్‌ఫ్రెండో బాయ్‌ఫ్రెండో ప్రతి వీకెండ్ వచ్చి ఉండటం గురించి మాట్లాడటానికి మనకు సిగ్గు. సిగ్గు వల్ల అందరూ చూడనట్టు నటిస్తారు, రూమ్మేట్ లైబ్రరీలో కుర్చీలో నిద్రపోతాడు. వారానికి మూడు రాత్రులుండే మనిషి అద్దె కట్టని మూడో రూమ్మేట్. ఆ మాట అనాల్సి వస్తే వాళ్ల సంబంధాన్ని వదిలేసి రాత్రుల గురించే మాట్లాడండి: "నాకు ఆదివారం నుంచి గురువారం దాకా గది కావాలి, మిగతావి మనం పంచుకుందాం."

అమ్మానాన్నల దగ్గర మాత్రం ఏ సూత్రమూ సరిగ్గా పనిచేయదు. డిగ్రీ పట్టా పుచ్చుకునే వేడుకకు మే నెలలో వస్తారు. బీ-2 వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. టికెట్‌కి లక్షలు పోసి వచ్చాక మూడు రాత్రులకే వెళ్లిపొమ్మంటామా? కొడుకు గదిలో తండ్రి "గెస్ట్" అన్న మాటే ఆయనకు మింగుడుపడదు. అమ్మ తెల్లవారుజామున అయిదింటికి లేచి తాలింపు వేస్తుంది, స్మోక్ అలారం మోగుతుంది, బిల్డింగంతా పైజామాలతో బయట నిలబడుతుంది. రూమ్మేట్లకు మొదటి మూడు రోజులు పులిహోర అమృతం. నాలుగో రోజు నుంచి వంటగది ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తారు.

కాబట్టి టికెట్లు కొనకముందే హౌసింగ్ ఆఫీసుకి ఈమెయిల్ రాయండి. కుటుంబాల కోసం కట్టిన యూనివర్సిటీ అపార్ట్‌మెంట్లలో తల్లిదండ్రులకు ఎక్కువ రోజుల అనుమతి దొరికే అవకాశం ఉంది, అడిగితేనే. ఒంటరి విద్యార్థుల గదుల్లో ఆ ఆశ పెట్టుకోకండి. రెండు వారాలకు ఒక చిన్న ఇల్లు తీసుకోవడం, లేదా ఎండాకాలం సెలవులకు సొంతూరు పోయేవాళ్ల గది ఆఫీసు అనుమతితో సబ్‌లీజ్ తీసుకోవడం మేలు. ఇంట్లో కూడా ముందే చెప్పండి: "నాన్నా, ఇది మన ఇల్లు కాదు, ఇక్కడ నేనే అద్దెకున్నాను, ఇంకో కుర్రాడు కూడా ఉన్నాడు." ఆయనకు అర్థమవుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు, ఇంటి ఓనరు నీళ్ల మోటారు కట్టేసిన రోజులు గుర్తున్నవాళ్లకు, ఇంకా బాగా అర్థమవుతుంది.

తప్పు జరిగిపోయి ఆ మంగళవారం ఈమెయిల్ వచ్చిందనుకోండి. మొదటిసారైతే సాధారణంగా ఒక హెచ్చరికతో, ఒక సమావేశంతో పోతుంది. వెళ్లండి. "వాడు ఒక్క రాత్రే ఉన్నాడు" అని అబద్ధం చెప్పకండి, చాలాచోట్ల తలుపు తెరిచిన ప్రతిసారీ మీ స్వైప్ కార్డు వాడిన సమయం నమోదవుతుంది. అతిథి తాగి గొడవ చేసినా, 21 ఏళ్లు నిండనివాడికి మీ గదిలో మందు పోసినా, గంజాయి వాసన వచ్చినా విషయం పెద్దదవుతుంది. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైనా క్యాంపస్‌లో కాదు. వ్యవహారం సస్పెన్షన్ దాకా వెళ్తే చదువు ఆగుతుంది, చదువు ఆగితే ఎఫ్-1 హోదా నిలవదు. ఈమెయిల్ రాగానే రూమ్మేట్ మీద విరుచుకుపడటం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఫిర్యాదు చేయడం అతని హక్కు. మీతో చెప్పలేక అక్కడ చెప్పాడంటే, చెప్పే అవకాశం మీరెప్పుడైనా ఇచ్చారా అని చూసుకోండి.

మీరే అతిథిగా వెళ్తే? రూమ్మేట్‌కి మీరే ముందు నమస్కారం పెట్టండి. సొంత టవల్ తీసుకెళ్లండి. అతని ఫ్రిజ్ అర జోలికి, ముఖ్యంగా ఇంటి నుంచి వచ్చిన పచ్చడి జోలికి పోకండి. అతను పడుకున్నాక ఫోన్ వస్తే బయటికెళ్లి మాట్లాడండి. చెప్పిన రోజున వెళ్లిపోండి.

ఇంక మీ గది విషయం. రేపు సాయంత్రం రూమ్మేట్‌కి కూడా ఒక కప్పు టీ పెట్టి ఒక్క ప్రశ్న అడగండి: "నావాళ్లు వస్తే నెలకి ఎన్ని రాత్రులు నీకు ఇబ్బంది లేదు?" అడిగాక ఊరుకోండి. అతను "నీ ఇష్టం" అంటే టీ తాగుతూ కూర్చోండి. అంకె చెప్పేదాకా లేవకండి.